వార్నిష్ పెట్టని కాయిల్

కాలిపోయిన మోటర్ తెచ్చేవాళ్లలో చాలామంది నాతో ఒకే మాట అంటారు, ఎవరి కన్నో పడ్డదని. నేను మూత విప్పి, మాడిన కాయిల్ వాళ్ల ముక్కు దగ్గర పెట్టి, "వాసన సూడు, గిది కన్ను కాదు, లో వోల్టేజీ" అంటాను. పద్దెనిమిదేళ్లుగా కోరుట్లలో మోటర్ వైండింగ్ చేస్తున్నాను. దయ్యాలు, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు జంకాను. చదివితే మొదట నవ్వేది నా గిరాకీలే. నవ్వుకోనీ.

దుకాణంలో మోటర్ విప్పడం, బిగించడం, బేరింగులు మార్చడం మా ఆయన పని. కాయిల్ చుట్టడం మాత్రం పూర్తిగా నాది. నా చేతి కాయిల్ మళ్లీ వెనక్కి రాదని ఈ చుట్టుపక్కల రైతులకు నమ్మకం. కొంచెం గర్వం కూడా ఉంది నాకు, దాచుకోవడమెందుకు.

మా అన్న రాజేశం సిరిసిల్లలో ఉంటాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేశాడు. శనివారం భజనలో బెంజో వాయిస్తాడు. పొడుగాటి చెక్క మీద తీగెలుంటాయి, ఎడమచేత్తో టైప్ మిషన్ మీటల్లాంటివి నొక్కుతూ కుడిచేత్తో తీగెలు మీటాలి. ఖవాలీల్లో, బ్యాండు మేళాల్లో మీరు చూసే ఉంటారు.

రెండేళ్ల కిందటి నుంచి అన్నకు తాళం తప్పడం మొదలైంది. మీట నొక్కితే స్వరం దానంతటదే వస్తుంది కాబట్టి స్వరం తప్పేది కాదు. కానీ పాట ఒక దిక్కు పోతుంటే ఆయన ఇంకో దిక్కు పోయేవాడు. భజనవాళ్లు ఆయన్ని ఏమీ అనలేదు. మెల్లగా మైకు ఆయన దగ్గర నుంచి జరిపారు, అంతే. అది అర్థమైన రోజు నుంచి అన్న భజనకు పోవడం మానేశాడు. శనివారం సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చుంటాడని, అన్నం కూడా సరిగ్గా తినడంలేదని వదిన ఫోన్ చేసి ఏడ్చింది.

చెవుల సంగతే అని మాకు తెలుసు. ఎవరో చెబితే చెవి మిషన్ కొని పెట్టుకున్నాడు. మగ్గం మోతే ఇంకా పెద్దగా వచ్చిందని చెప్పి తీసి డబ్బాలో పడేశాడు. డాక్టర్ దగ్గరికి పోదామంటే కస్సుమన్నాడు.

ఒకరోజు తనే కోరుట్లకు వచ్చాడు. చంకలో కొత్త బెంజో ఉంది. పాత మగ్గం పలకను తనే చెక్కి చేసుకున్నాడు.

"చెల్లె, నా బెంజో నాకే ఇనవడ్తలేదు. గీ దీన్ని కరెంటు బెంజో చేసియ్యి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోని కొడ్త. గిది గూడ కాకపోతే ఇగ బంద్ జేస్త" అన్నాడు.

మా అన్న బంద్ చేస్తానన్నది బెంజో ఒక్కటే కాదని ఆయన మొహం చూస్తే తెలిసింది. చిన్నప్పుడు అమ్మానాన్నలు మగ్గాల మీద ఉంటే నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. చేస్తానని మాటిచ్చాను.

తీగె కదలికను కరెంటుగా మార్చే ముక్కను పికప్ అంటారు. అది కుదిరితే ఆంప్లిఫయర్, హెడ్‌ఫోన్ పెద్ద పని కాదు. అసలు తిప్పలంతా పికప్‌తోనే పడ్డాను.

మొదట పీజో బిళ్ల పెట్టాను. తెరిస్తే పాట పాడే పుట్టినరోజు కార్డులో ఉండే ఇత్తడి బిళ్ల అది. తీగెలు ఆనే చెక్క కింద అంటించాను. కోరుట్లలో బాగానే పలికింది. సిరిసిల్లలో అన్న ఇంట్లో పెడితే మీటల టకటక, పక్క షెడ్డు మగ్గాలకు నేల అదిరే అదురు, అన్నీ దాంట్లోకే వచ్చాయి. ఆ మోతలో పాటను వెతుక్కోవాల్సి వచ్చింది.

తర్వాత హైదరాబాద్ నుంచి గిటార్ పికప్ తెప్పించాను. దాని ఆరు అయస్కాంతాలూ గిటార్ తీగెల ఎడం కొద్దీ ఉన్నాయి. బెంజో తీగెలు దగ్గర దగ్గరగా ఉంటాయి, సగం వాటి మధ్య సందుల్లో పడ్డాయి. పైగా శ్రుతికి వేసిన రెండు తీగెలు ఇత్తడివి, ఇత్తడి అయస్కాంతానికి పలకదు. అవి తీసి స్టీలువి వేశాను. అయినా గోడకవతల అన్ని మగ్గాల మోటర్లు తిరుగుతుంటే అయస్కాంతం ఊరుకుంటుందా? గుంయ్‌మని ఒకటే రొద.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఊరందరి కాయిళ్లు చుట్టే నేను ఎవరో చుట్టిన కాయిల్ కొనడమేంటని. రెండు కాయిళ్లు చుట్టి, ఒకటి కుడివైపు, ఇంకోటి ఎడమవైపు తిప్పి, కింద అయస్కాంతం మొగం కూడా మార్చి కలిపితే మోటర్ల రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగెల చప్పుడు మాత్రం మిగులుతుంది. ఇది మా పనిలో ఉన్న లెక్కే.

కావలసిన వైరు తల వెంట్రుకంత సన్నం. మా దుకాణంలో అంత సన్నది ఉండదు. పాత మోటర్ స్టార్టర్లలో స్విచ్చును పట్టి ఉంచే పట్టు కాయిల్ ఉంటుంది, దానికి సన్న వైరే. మల్యాల నుంచి వచ్చిన ఒక స్క్రాప్ స్టార్టర్ విప్పి వైరు తీశాను.

చేతి మిషన్ మీద తిప్పుతూ చుట్లు పైకి లెక్కపెట్టడం మా అలవాటు. వంద కాగానే ఒక మక్క గింజ పళ్లెంలో వేస్తాం. ఒక్కో కాయిల్‌కు యాభై గింజలు అనుకున్నాను. మొదటిది సరిగ్గా అయింది. రెండోదానికి ముప్పై ఎనిమిది గింజలు పడ్డాక మేడిపల్లి నుంచి ఒకాయన కాలిన మోటర్ ఆటోలో వేసుకుని వచ్చి వాకిట్లో లొల్లి పెట్టాడు. ఆయన్ని పంపించి వచ్చి కూర్చుంటే ఆఖరి గింజ వేశానో లేదో గుర్తురాలేదు. కళ్లతో అంచనా వేసి మిగతాది చుట్టేశాను.

ఇంకో తప్పు కూడా చేశాను. వార్నిష్‌లో ముంచి ఆరబెట్టని కాయిల్ మా దుకాణం గడప దాటదు. కానీ వార్నిష్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. తెల్లారి పొద్దున అన్న పికప్ బిగించుకోవడానికి జగిత్యాలకు వస్తాడని వదిన ఫోన్‌లో చెప్పింది. తర్వాత ముంచుదాంలే అనుకుని అట్లాగే పట్టుకుపోయాను.

జగిత్యాలలో ఖాజా భాయ్ అని వడ్రంగి పనిచేసే పెద్దాయన ఉన్నాడు. ఖవాలీ పార్టీల్లో బెంజో కూడా వాయిస్తాడు. పలకలో గుంత తీసి పికప్ కూర్చోబెట్టడం ఆయన పని. తీగెకూ పికప్‌కూ మధ్య ఎడం ఎక్కువైతే చప్పుడు తగ్గుతుంది, తక్కువైతే అయస్కాంతం తీగెను గుంజి స్వరం వంకర పోతుంది. చీలికంత అట్టముక్కలు పెడుతూ తీస్తూ మధ్యాహ్నం దాకా సరిచేశాడు. నేను అతుకులు పెట్టి స్విచ్ వేశాను.

అన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక భజన ఎత్తుకున్నాడు. ఖాజా భాయ్ బల్ల మీద దరువు వేశాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. రెండేళ్ల తర్వాత మా అన్న పాట మొదట్నుంచి ఆఖరి దాకా తాళంలో వాయించాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మొహంలో వెలుగు చూసి, నా కాయిల్‌కు నేనే శభాష్ చెప్పుకున్నాను.

ఖాజా భాయ్ హెడ్‌ఫోన్ తను తీసుకుని విన్నాడు. కొంచెంసేపటికి నా వైపు తిరిగాడు.

"అమ్మా స్వరూప, ఏమన్న మాట్లాడుతున్నవా?"

"లేదు ఖాజా భాయ్."

"మరి లెక్క ఎవరు వెడ్తున్నరు?"

హెడ్‌ఫోన్ తీసుకుని నేనూ విన్నాను. తీగెల వెనక, సన్నగా, ఆడగొంతు. చిన్నపిల్లా పెద్దదా చెప్పలేను. లాభం, రెండు, మూడు, నాలుగు అని పోతోంది. వంద దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ లాభం నుంచి మొదలుపెడుతోంది. వడ్లు కొలిచేటప్పుడు పాతవాళ్లు ఒకటి అనకుండా లాభం అంటారు, అట్లా.

వార్నిష్ పెట్టని కాయిల్ వదులుగా ఉంటే దగ్గరి మాటను పట్టుకుంటుందని నాకు తెలుసు. అదే అనుకుని, నోరు మూసుకోమని ఇద్దరికీ సైగ చేశాను. లెక్క ఆగలేదు. తీగెల మీద బట్ట వేసి పట్టుకున్నాను. ఆగలేదు. గుంతలోంచి నా పికప్ తీసి గిటార్‌ది పెడితే మాయమైంది. మళ్లీ నాది పెడితే వచ్చింది. నా గొంతేనేమో అంటే, నేను ఏనాడూ లాభం అనను, ఒకటి అనే మొదలుపెడతాను. మేం మగ్గాల ఇంట్లో పుట్టినవాళ్లం. మా ఇంట్లో వడ్లు కొలిచినవాళ్లే లేరు.

ఫోన్ చేస్తే మా ఆయన తేలిగ్గా తీసేశాడు. "అది కాయిలే గదనే, ఏరియల్ తీరు రేడియో గుంజుకుంటది."

"ఏ రేడియోల గంటలకొద్ది ఒకటి రెండ్లు సదువుతరయ్యా?" అన్నాను.

అన్న బెంజో రెండు రోజులు నా దగ్గర ఉంచుకుని మక్క గింజలు ముందేసుకుని కూర్చున్నాను. గొంతు వంద దగ్గర ఆగినప్పుడల్లా ఒక గింజ వేశాను. నూటరెండు గింజలు పడ్డాక కాసేపు ఏమీ లేదు. మళ్లీ మొదలైంది. రెండోసారి వేసినా నూటరెండే. రెండు కాయిళ్లకు కలిపి నేను అనుకున్నది నూరు. ఆ రెండో కాయిల్‌లో తప్పింది నేనా, ఆ గొంతా తేల్చుకోలేకపోయాను. ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే, అది గొంతేనని ఖాజా భాయ్ అన్నాడు, ఫ్యాను చప్పుడని పక్కింటామె అంది.

స్టార్టర్ పుట్టుపూర్వోత్తరాలు చూద్దామని మల్యాల పోయాను. నిజం చెబుతున్నా, ఎవరో చచ్చిపోయి ఉంటారనే పోయాను. ఆ రైతు ఇంట్లో ముసలమ్మ దగ్గర నుంచి మనవరాలి దాకా అందరూ నిక్షేపంగా ఉన్నారు. చాయ్ పోశారు. స్టార్టర్ కొత్తదే కొన్నామని, పిడుగు పడి పోయిందని చెప్పారు. అంతా విని ముసలమ్మ నవ్వింది. "ఏంది బిడ్డ, మేం గిట్ల పీనుగుల లెక్కన కొడ్తున్నమా?" అంది. సిగ్గుపడి వచ్చేశాను.

అన్న మాత్రం ఏమీ అడగలేదు. బెంజో తీసుకుని సిరిసిల్ల పోయి, శనివారం భజనలో కూర్చున్నాడు. నాలుగు శనివారాలు వాయించాడు. మైకు మళ్లీ ఆయన ముందుకు వచ్చింది. వదిన ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడింది. నేనూ ఒక శనివారం పోయి చూశాను. అప్పుడు ఇంకో వింత గమనించాను. పాట నిదానంగా ఉంటే ఆ లెక్క నిదానంగా నడుస్తోంది, పాట జోరందుకుంటే లెక్కా జోరందుకుంటోంది.

కానీ ఆంప్లిఫయర్‌కు తగిలించిన బాక్సుల్లోంచి ఆ గొంతు అందరికీ వినబడుతోంది. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. భజన అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "దేవుని ముంగట గీ లెక్కలేంది బిడ్డా? జర బందు జేయించు. మీ అన్నకు ఏందో సోకిందంటుండ్రు."

నా పనిలో లోపం ఉందన్నా ఊరుకునేదాన్నేమో. మా అన్నకు సోకిందనేసరికి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే అన్నకు కూడా అసలు సంగతి చెప్పకుండా, అతుకులు చూడాలని బెంజో కోరుట్లకు తెచ్చాను. పొద్దున్నే పికప్ ఊడదీసి, రెండు కాయిళ్లూ వార్నిష్ డబ్బాలో ముంచాను. సన్నటి బుడగలు వచ్చాయి. అవి ఆగేదాకా ఉంచి, తీసి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాను. మొదటే చేయాల్సిన పని ఇప్పుడు చేశాను అనుకున్నాను. మనసు కూడా తేలికైంది.

మళ్లీ జగిత్యాల పోయి ఖాజా భాయ్ చేత బిగింపించాను. గొంతు లేదు. తీగెలు కడిగిన ముత్యాల్లా పలికాయి. ఇంత మంచి పికప్ నేను వినలేదన్నాడు ఖాజా భాయ్. అన్న వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నాలుగు మీటలు నొక్కి ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఖాజా భాయ్ దరువుకు ఎక్కడా పొంతన లేదు.

"స్విచ్ ఎయ్యి చెల్లె."

"ఏసే ఉందన్నా. ఎర్రలైట్ సూడు."

"ఏం ఇనవడ్తలేదు" అన్నాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ రోజే బతిమాలి, జగిత్యాలలోనే ఒక చెవి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. కాగితం మీద గీతలు చూపిస్తూ డాక్టర్ చెప్పాడు. "ఈయనకు వినికిడి పోయి కనీసం రెండేళ్లయి ఉంటుందమ్మా. మీ మాటలు కూడా పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నారు."

నేను నమ్మలేదు. ఇంట్లో మాట్లాడుతున్నాడు కదా అన్నాను. అంటూనే నాకు తట్టింది. మగ్గాల షెడ్డులో ఎవరికీ ఎవరి మాటా వినబడదు. అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ముప్పై ఏళ్లు ఆ అలవాటులో ఉన్న మనిషికి చెవులు ఎప్పుడు పోయాయో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఫోన్ వస్తే ఎప్పుడూ వదినే ఎత్తేది.

మరి నాలుగు శనివారాలు ఎట్లా వాయించాడు? హెడ్‌ఫోన్‌తో వినే వీలుందా అని డాక్టర్‌ను అడిగాను. తీగెలు కాదు కదా, మనిషి గొంతు కూడా ఈ చెవులకు అందదన్నాడు.

బయట మెట్ల మీద కూర్చున్నాక, అన్న ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేట్టు నెమ్మదిగా అడిగాను.

అప్పుడు చెప్పాడు. "హెడ్‌ఫోన్ల తీగెలు నాకు ఎన్నడు ఇనవడలే చెల్లె. ఆ పిల్ల లెక్క వెట్టేది. ఆ లెక్క మీద వేళ్లు ఏసిన, అంతే."

"మరి నాకు చెప్పకపోతివి అన్నా?"

"చెప్తే తీసేస్తవని."

మెట్ల మీదే ఏడ్చాను. జనం చూస్తున్నారని కూడా అనిపించలేదు. వార్నిష్‌లో గట్టిపడ్డ కాయిల్‌ను మళ్లీ పాత స్థితికి తెచ్చే దారి లేదు. అంత సన్న వైరు విప్పబోతే ముక్కలవుతుంది. ఎన్ని చుట్లున్నాయో ఇక లెక్కపెట్టనూ లేం. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

తర్వాత కొత్తవి చుట్టాను. మిగిలిన వైరుతోనే, వార్నిష్ లేకుండా. ఒకసారి గింజలు వేసి, ఒకసారి వేయకుండా. ఒకసారి లాభం అంటూ కూడా చుట్టాను, మా ఆయన చూసి బయటికి పోయాడు. ఆరు జతలు చుట్టాను. అన్నీ మంచి పికప్‌లే, తీగెలు తప్ప ఇంకేమీ పలకలేదు. ప్రతిసారీ అన్న సిరిసిల్ల నుంచి వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఓపిగ్గా కూర్చుని, తల అడ్డంగా ఊపి పోయేవాడు.

ఏడో జత పోయిన నెల మా దుకాణంలోనే బిగించాను. అప్పటికి నాకు ఆశ చచ్చిపోయింది. అన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మీటల మీదికి పోయాయి. గోడకున్న గడియారం టిక్కుటిక్కుకు సరిగ్గా, ఒక్క దెబ్బ తప్పకుండా, ఒక భజన ఆఖరి దాకా వాయించాడు. కళ్లు తెరిచి, నన్ను చూసి నవ్వాడు.

"ఇనవడ్తుంది చెల్లె. మంచిగ ఇనవడ్తుంది. ఇగ నువ్వు పరేషాన్ గాకు."

నేను తల ఊపాను. ఆంప్లిఫయర్ కరెంటు వైరు నా చేతిలోనే ఉంది. ఇంకా బోర్డులో పెట్టలేదు.

నా కోసం అబద్ధమాడాడా, నిజంగానే విన్నాడా నాకు తెలియదు. అబద్ధమైతే గడియారం చప్పుడు కూడా అందని మనిషి తాళం ఎట్లా తప్పకుండా వాయించాడో తెలియదు. అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, ఆయన నా పెదవులే చూస్తున్నాడు. అడగలేదు. బెంజో అట్లాగే బట్టలో చుట్టి ఇచ్చి, సిరిసిల్ల బస్సు ఎక్కించాను.